లాఠీ లేని పరిశోధకుడు



1933లో వార్నర్ బ్రదర్స్ సంస్థ ‘ది కెనెల్ మర్డర్ కేస్’ అనే సినిమా తీసింది. దర్శకుడు మైకేల్ కర్టిజ్. అందులో ఆర్చర్ కో అనే సంపన్నుడు తన పడకగదిలో శవమై కనిపిస్తాడు. తలుపుకి లోపలివైపు గడియ పెట్టి ఉంది. చేతిలో పిస్తోలు ఉంది, తలలో తూటా దిగి ఉంది. చూసినవాళ్లందరికీ అది ఆత్మహత్యే. ఈ కబురు ఫైలో వాన్స్ అనే ఆయన చెవిన పడుతుంది. ఆయన అప్పటికే యూరప్ ప్రయాణంలో ఉన్నాడు. ఆయన పోలీసు కాదు, వకీలు కాదు, ఎవరి దగ్గరా జీతం తీసుకునేవాడు కాదు. అయినా ప్రయాణం మానుకుని వెనక్కి వస్తాడు. ఆయన చేతిలో సాక్ష్యమేమీ లేదు, ఉన్నది ఒకే ఒక్క సందేహం. కుక్కల పోటీలో తన కుక్క గెలవాలని అంత పట్టుదల పెట్టుకున్న మనిషి, ఆ పోటీ తేలకముందే ప్రాణం ఎందుకు తీసుకుంటాడు? సినిమా అంతా ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది. ఆ తర్వాత శవపరీక్షలో, తూటా తగిలేసరికే ఆ మనిషి చనిపోయి ఉన్నాడని తెలుస్తుంది. లోపలి గడియని బయటినుంచి ఎలా బిగించవచ్చో వాన్స్ గుండుసూదులతో, దారంతో చేసి చూపిస్తాడు. చనిపోయినవాడి అలవాట్లూ ఆశలూ తెలిసిన ఒక పరిచయస్థుడు, అందరూ చూసినదాన్ని ఇంకోసారి చూశాడు. చేసిందల్లా అదే.

ఇటువంటి కథలకి తెలుగులో పాతకాలం నుంచి ఉన్న పేరు అపరాధ పరిశోధన. హంతకుడెవరో చివరిదాకా తెలియనివ్వని కథలు ఇవి. ఇవి తెలుగు సినిమాకి అచ్చిరావని, మన ప్రేక్షకులకి ఓపిక ఉండదని, పాట, పోరాటం, ఏడుపు లేకుండా ఒక చిక్కుముడి చుట్టూ రెండున్నర గంటలు కూర్చోరని ఒక మాట పరిశ్రమలో తరచుగా వినబడుతుంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. మనవాళ్లకి చిక్కుముడి కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌నీ, అతని సహాయకుడు రాజునీ ఒక తరం మొత్తం అద్దె పుస్తకాల షాపుల చుట్టూ తిరిగి చదివింది. పుస్తకంలో అంత ఓపిక చూపించిన పాఠకుడు థియేటర్లోకి వచ్చేసరికి ఓపిక పోగొట్టుకున్నాడంటే లోపం అతనిలో ఉందని నేను నమ్మలేను. మనం పరిశోధన చేసేవాడి చేతికి అధికారం ఇచ్చిన కొద్దీ కథలో పరిశోధన తగ్గిపోయింది. అధికారం లేనివాడికి ఆ పని అప్పజెప్పినప్పుడు తెలుగులోనూ మంచి చిత్రాలు వచ్చాయి. ఈ సాయంత్రం నేను నిరూపించదలచుకున్నది ఇదే. అటువంటి పరిశోధకుడు పుట్టడానికి హైదరాబాదులో అన్నిటికన్నా తగిన చోటు అమీర్‌పేట, పంజగుట్ట అని కూడా నా అభిప్రాయం.

ముందు అధికారం సంగతి చూద్దాం. మన సినిమాలో పోలీసు ఆఫీసరు హంతకుణ్ణి వెతికే తీరు గుర్తు చేసుకోండి. ఒక అనుమానితుణ్ణి స్టేషనుకి తీసుకొస్తాడు. నాలుగు తగిలిస్తే నిజం కక్కుతాడంటాడు. వాడు కక్కుతాడు కూడా. ఆ నిజంతో ఇంకొకడి దగ్గరికి వెళ్తాడు. కథ ముందుకి సాగుతుంది గానీ ప్రేక్షకుడి ఆలోచన ఒక్క అడుగు కూడా కదలదు. దెబ్బకి బయటపడ్డ సమాధానాన్ని తర్కించడానికి ఏముంటుంది? పరిశోధన జరిగింది లాకప్పులో, మన బుర్రలో కాదు. ఆ ఆఫీసరు పెద్ద హీరో అయితే పరిస్థితి ఇంకా కష్టం. ఆయన అనుమానం తప్పు కావడానికి వీల్లేదు, ఎందుకంటే ఆయన ఓడిపోవడానికి వీల్లేదు. అపరాధ పరిశోధన కథకి ప్రాణం పొరపాటులో ఉంది. మొదట అనుమానించినవాడు నిర్దోషి అని తేలాలి, రెండోసారీ తడబడాలి, ఆ తడబాటులోనే ఒక చిన్న వివరం కంటపడాలి. తప్పు చేయడానికి అనుమతి లేని హీరో ఈ పని చేయలేడు.

అధికారం లేనివాడి సంగతి వేరు. అతను ఎవరి తలుపు తట్టినా ‘నువ్వెవరివి అడగడానికి’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. సోదా చేయలేడు, కాల్ రికార్డులు తెప్పించలేడు, ఎవరినీ ఆపి కూర్చోబెట్టలేడు. అతనికి మిగిలింది చూపు, జ్ఞాపకం, సందేహం. అవి మూడూ ప్రేక్షకుడికీ ఉన్నాయి. అతనికి తెలిసినంతే మనకి తెలుస్తుంది, అతనికి కనబడిందే మనకి కనబడుతుంది. అతను గెలిస్తే మనమూ గెలవగలిగేవాళ్లమే అన్న నమ్మకం కలుగుతుంది. ఫైలో వాన్స్ నవలలు రాసిన ఎస్.ఎస్. వాన్ డైన్ 1928లో డిటెక్టివ్ కథలకి ఇరవై నియమాలు పెట్టాడు. వాటిలో మొట్టమొదటిది ఈ సమానత్వం గురించే: పరిశోధకుడికి అందిన ఆధారాలన్నీ పాఠకుడికీ అందాలి. నియమాలన్నీ నేను ఒప్పుకోను. కథలో ప్రేమ ఉండకూడదన్నది మరీ పెడసరం. మొదటిదాన్ని మాత్రం ఎవరూ కాదనలేరు. కథకుడికీ వినేవాడికీ మధ్య న్యాయం అంటే అదే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఫైలో వాన్స్ దేశంలో అది సరే, అతను డబ్బున్న తీరుబడి మనిషి, జిల్లా అటార్నీ మార్కం అతని స్నేహితుడు, ఆ స్నేహం వల్లనే నేరం జరిగిన గదిలో అడుగుపెట్టగలిగాడు, అధికారం లేనివాడని ఎలా అంటావు అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కానీ ఆ స్నేహం వాన్స్‌కి ఇచ్చింది గదిలోకి ప్రవేశం మాత్రమే. పోలీసు సార్జెంటు హీత్‌కి కూడా ఆ ప్రవేశం ఉంది. సిబ్బందీ ఉన్నారు, ప్రభుత్వ ముద్రా ఉంది. అయినా నిజం హీత్‌కి దొరకలేదు. గదిలోకి వెళ్లగలగడం వేరు, గదిని చదవగలగడం వేరు. ఆ మరుసటి ఏడాదే, 1934లో, వాన్స్‌గా నటించిన విలియమ్ పావెల్ ‘ది థిన్ మ్యాన్’లో నిక్ చార్లెస్‌గా వచ్చాడు. నిక్ ఒకప్పుడు వృత్తి డిటెక్టివే గానీ పని మానేసి భార్యతో హాయిగా కాలక్షేపం చేస్తున్నాడు. అనుమానితులందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టాలనుకున్నప్పుడు అతను వాళ్లని భోజనానికి పిలుస్తాడు. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి. నిజం బయటికి రావలసింది వడ్డన మధ్య, మాటల మధ్య. ఆ బల్ల చుట్టూ పోలీసులు ఉన్నారు, కానీ విస్తరి ముందు కూర్చున్నవాళ్లని మాట్లాడించేది నిక్ మాటకారితనమే. తీరుబడి ఉన్న ధనవంతుడు మన సమాజంలో పరిశోధకుడు కాలేడన్న మాట నిజమే కావచ్చు. అయితే తీరుబడి ఈ పాత్రకి కావలసిన ముఖ్య లక్షణం కాదు. ముఖ్యమైనది, తెలుసుకోవలసిన అగత్యం ఉండటం, తెలుసుకోవడానికి హుకుం లేకపోవడం. ఈ రెండూ కలిసిన మనుషులు మన దగ్గర కావలసినంతమంది ఉన్నారు. వాళ్లు ధనవంతులు కారు, అంతే తేడా.

వాళ్లు మన తెరమీదికి ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చారో తెలుసుకోవాలంటే అమీర్‌పేటకే వెళ్లాలి. హైదరాబాదులో తెలుగు సినిమా నిర్మాణానికి తొలి నెలవు అక్కడి సారథి స్టూడియో. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదులోనే తయారైన తొలి తెలుగు చిత్రం, అది ఆ స్టూడియోలోనే రూపొందింది. 1961లో తాపీ చాణక్య దర్శకత్వంలో సారథివారి ‘కలసి ఉంటే కలదు సుఖం’ వచ్చింది. ఆ తరం సినిమా ఉమ్మడి కుటుంబం గురించి ఆలోచించింది. ఉమ్మడి కుటుంబంలో అందరూ అందరికీ తెలుసు. ఎవరు మంచివాళ్లో, ఎవరు పుల్లలు పెడతారో ప్రేక్షకుడికి మొదటి రీలులోనే తెలియాలి. సూర్యకాంతం గడప దాటి లోపలికి రాగానే హాలంతటికీ సంగతి అర్థమయ్యేది. రాజనాల కనుబొమ్మ ఎత్తితే ఇక ఎవరినీ అనుమానించనక్కర లేదు. ముఖమే చిరునామా. ఆ సినిమాల గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు, ఆ మహానటుల గొప్పతనాన్ని అసలే తగ్గించను. అయితే ముఖం చూసి మనిషిని తేల్చే అలవాటు అక్కడ బలంగా పాతుకుపోయింది. అపరాధ పరిశోధనకి అంతకన్నా పెద్ద శత్రువు లేదు. ఈ రోజుకీ, పేరున్న నటుడెవరైనా చిన్న పాత్రలో కనిపిస్తే చాలు, హంతకుడు ఈయనే అయి ఉంటాడని పక్క సీటువాడు చెప్పేస్తాడు. కథలోని ఆధారాలతో కాదు, పారితోషికం లెక్కతో. రేడియో నాటకానికి ఈ బెడద తక్కువ. గొంతు వినబడుతుంది గానీ పోస్టరు కనబడదు.

1967లో ఏవీఎం వారు ఈ చిక్కుకి ఒక ఉపాయం కనిపెట్టారు. ఎ.సి. త్రిలోకచందర్ దర్శకత్వంలో వచ్చిన ‘అవే కళ్లు’లో హంతకుడికి ముసుగు వేసి, కళ్లు మాత్రమే చూపించారు. పేరులోనే ఆధారం పెట్టారు. ప్రతి పాత్ర కళ్లలోకి ప్రేక్షకుడు తేరిపార చూడవలసి వచ్చింది. ముఖం చూసి తీర్పు చెప్పే అలవాటుని ముఖాన్నే దాచి దెబ్బతీయడం సామాన్యమైన ఆలోచన కాదు. అందులో కృష్ణ పోలీసు కాదు, ఆ ఇంటి అమ్మాయిని ప్రేమించినవాడు. తర్వాత దాదాపు రెండు దశాబ్దాలకి, 1986లో, మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల ‘చంటబ్బాయ్’ తీశారు. చిరంజీవి అందులో పాండురంగారావు, తనకి తాను పెట్టుకున్న పేరు జేమ్స్ పాండ్. అప్పటికే మాస్ హీరోగా శిఖరం మీదున్న నటుడు అధికారమూ, కండబలమూ పక్కన పెట్టి నవ్వులపాలు కావడానికి ఒప్పుకున్నాడు. ఆ సినిమాని మనం హాస్యచిత్రంగానే గుర్తుపెట్టుకున్నాం, అందులో తప్పేమీ లేదు. కానీ ఒక సంగతి గమనించాలి. హోదా లేనివాడు నేరాన్ని పరిశోధించడం అనేది మనకి ముందుగా ఒక హాస్యవిషయంగానే కనబడింది. ఆ పని చేయడానికి వీడెవడు అన్న ప్రశ్న మన నవ్వులో ఉంది. నవ్వించకుండా ఆ పని చేసే మనిషి రావడానికి మరో పందొమ్మిదేళ్లు పట్టింది.

ఆ మనిషి ఒక కాలేజీ అమ్మాయి. 2005లో చంద్రశేఖర్ ఏలేటి దర్శకత్వంలో, గుణ్ణం గంగరాజు నిర్మాణంలో వచ్చిన ‘అనుకోకుండా ఒక రోజు’ నా దృష్టిలో తెలుగులో ఈ తరహా చిత్రాలకి తలమానికం. ఛార్మి పోషించిన సహస్ర గాయని కావాలని ఆశపడే హైదరాబాదు అమ్మాయి. ఒక రాత్రి పార్టీకి వెళ్తుంది, తనకి తెలియకుండా మత్తుమందు ఆమె శరీరంలో చేరుతుంది. మెలకువ వచ్చేసరికి మర్నాడు పొద్దున అనుకుంటుంది. నిజానికి మధ్యలో ఒక రోజు మొత్తం మాయమైంది. ఆ మాయమైన రోజున తను ఎక్కడుందో, ఏం చూసిందో, తనని చంపడానికి ఎవరు ఎందుకు తిరుగుతున్నారో ఆమెకే తెలియదు. ఈ ఏర్పాటులోని ప్రతిభని కాస్త నిలబడి చూడాలి. మామూలు కథలో పరిశోధకుడు బయటివాడు, సాక్షి వేరొకరు, ప్రమాదంలో ఉన్నది మరొకరు. ఇక్కడ ముగ్గురూ ఒక్క మనిషే. సాక్షి ఆమే, కానీ సాక్ష్యం ఆమె దగ్గరే పోయింది. వాన్స్‌కి గడియ పెట్టిన గది ఎదురైనట్టు ఈమెకి గడియ పెట్టిన రోజు ఎదురైంది, ఆ గది ఆమె తలలోనే ఉంది. జగపతిబాబు పోషించిన పోలీసు అధికారి కథలో ఉన్నాడు, పనికొస్తాడు కూడా. కానీ ఆ రోజుని తిరిగి కట్టుకోవలసింది ఆమే. ఎవరో తెలియనివాళ్లు పలకరిస్తారు, తను ఎన్నడూ చూడలేదనుకున్నవాళ్లు తనని గుర్తుపడతారు. ప్రతి పలకరింపూ ఒక ఆధారం. అధికారం మాట అటుంచి, జ్ఞాపకం కూడా లేని పరిశోధకురాలు! ఆమె కన్నా ప్రేక్షకుడికి ఒక్క ముక్క కూడా ఎక్కువ తెలియదు. వాన్ డైన్ కోరిన న్యాయం తెలుగులో ఇంత నిక్కచ్చిగా మరెక్కడా జరగలేదని నేను అనుకుంటున్నాను. దోషి ఎవరో నేను చెప్పను. చూడనివారి నుంచి ఆ ఆనందం లాక్కోవడం తగదు.

2016లో రవికాంత్ పేరేపు తీసిన ‘క్షణం’లో అడివి శేష్ అమెరికా నుంచి హైదరాబాదు వస్తాడు. ఒకప్పుడు ప్రేమించిన అమ్మాయి తన కూతురు కనిపించడం లేదంటుంది, అసలు ఆమెకి కూతురే లేదని ఊరంతా అంటుంది. అతనికి ఇక్కడ ఇల్లు లేదు, హోదా లేదు. ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవడానికి తిరగడం ఒక్కటే దారి. 2019 జూన్‌లో స్వరూప్ ఆర్ఎస్‌జే దర్శకత్వంలో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరు కథ. నవీన్ పొలిశెట్టి ఆడిన ఆత్రేయకి చిన్న ఆఫీసు ఉంది కాబట్టి అతన్ని ఔత్సాహికుడనకూడదని వాదించవచ్చు. కానీ అతని విద్య అంతా సినిమాల నుంచి వచ్చింది, రైలు పట్టాల పక్క శవం దగ్గర దొరికితే పోలీసులు అతన్నే అనుమానితుడిగా లోపల వేస్తారు. బోర్డు ఉన్నంతమాత్రాన బలం ఉన్నట్టు కాదు.

అదే ఏడాది డిసెంబరు 25న విడుదలైన ‘మత్తు వదలరా’ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అది నేను చెప్పే పేటకి చాలా దగ్గరి కథ. రితేష్ రానా దర్శకుడు. శ్రీసింహా పోషించిన బాబు మోహన్ సరుకులు ఇంటింటికీ చేరవేసే కుర్రాడు. చాలీచాలని జీతం, స్నేహితులతో కలిసి ఒక గది. స్నేహితుడు చెప్పిన ఒక చిల్లర మోసానికి ఒడిగట్టి, ఒక అపార్ట్‌మెంటులో ఇరుక్కుంటాడు. శవం, డబ్బు, తను చేయని హత్య. పోలీసుల దగ్గరికి వెళ్లలేడు, ఎందుకంటే వాళ్లకి అతనికన్నా సుళువుగా దొరికే నేరస్థుడు ఉండడు. ఇక అతను తెలుసుకుని తీరాలి, సరదాకి కాదు, బతకడానికి. వాన్స్‌కి పరిశోధన ఒక అభిరుచి. బాబు మోహన్‌కి అది గత్యంతరం. తెలుగు ఔత్సాహిక పరిశోధకుడి అసలు రూపం ఇదీ. కాలక్షేపం కోసం కాక, తనమీద పడ్డ నిందని దులుపుకోవడం కోసం వెతికే పేదవాడు. ఆ సినిమా విజయం తర్వాత 2024లో రెండో భాగం వచ్చింది. అందులో ఆ ఇద్దరు స్నేహితులకీ ఒక ప్రత్యేక దర్యాప్తు బృందంలో ఉద్యోగం ఇచ్చారు. రెండో భాగం జనానికి నచ్చింది, నవ్వులు బాగానే పండాయి. కానీ నా వాదానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. అధికారం లేకపోవడం వల్ల పుట్టిన కథకి మొదటి అవకాశం దొరకగానే అధికారం తగిలించాం. గుర్తింపుకార్డు చేతికి రాగానే మొదటి భాగంలోని ఆ ఊపిరాడని భయం పోయింది. భయం పోయినచోట ప్రతి వివరాన్నీ పట్టి చూసే శ్రద్ధ కూడా పలచబడింది.

ఇక ఈ పేటే ఎందుకు అన్నదానికి వస్తాను. పంజగుట్ట కూడలి నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా ఉన్న దూరం మెట్రోలో ఒకే స్టేషను. ఆ కాస్త మేరలో నిమ్స్ ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చిన రోగుల బంధువులు ఉంటారు. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద కరపత్రాలు పంచేవాళ్లు, వాటిని తీసుకునేవాళ్లు ఉంటారు. ఎర్ర లైను నుంచి నీలం లైనుకి మారేవాళ్లు, వెనకవీధుల హాస్టళ్లలో ఒక గదికి నలుగురు చొప్పున సర్దుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ఉంటారు. శ్రీకాకుళం, ఆదిలాబాద్, కడప, ఖమ్మం ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద నిద్రపోతాయి. ఒకరి ఇంటిపేరు ఒకరికి తెలియకపోవచ్చు గానీ, ఎవరు ఏ వైపు తిరిగి పడుకుంటారో, ఎవరు ఎన్నింటికి ఇంటికి ఫోన్ చేస్తారో అందరికీ తెలుసు. సారథి స్టూడియో చూపించిన ఉమ్మడి కుటుంబంలో అందరూ అందరికీ తెలిసినవాళ్లు. అదే స్టూడియోకి కూతవేటు దూరంలోని హాస్టల్లో అందరూ దగ్గరివాళ్లే, అందరూ అపరిచితులే. దగ్గరితనమూ తెలియనితనమూ కలిసి ఉన్నచోటే ఈ రకం కథ పుడుతుంది. ఇంగ్లీషు రచయితలు అందుకోసం మంచు కురిసే పల్లెలో ఒక బంగళా కట్టి, పదిమంది అతిథుల్ని అందులో బంధించవలసి వచ్చింది. మనకి ఆ శ్రమ లేదు, నాలుగు మంచాలూ ఒక సందర్శకుల రిజిస్టరూ చాలు. ఒకప్పటి సత్యం థియేటర్ స్థలంలో ఇప్పుడు లేచిన కొత్త మల్టీప్లెక్సులో ఆ హాస్టళ్ల పిల్లలే కూర్చుని సినిమా చూస్తున్నారు. తమ గది కథ వాళ్లకి తెరమీద ఇంకా కనబడలేదు.

రెండో అభ్యంతరం కాలానికి సంబంధించినది. ప్రతి స్తంభానికీ కెమెరా ఉన్న నగరంలో, బంజారాహిల్స్‌లో 2022లో అంత పెద్ద పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్ వెలసిన తర్వాత, చూపూ సందేహమూ తప్ప ఏమీ లేని మనిషి ఏం కనిపెడతాడని అడుగుతారు. కెమెరా జవాబులు ఇస్తుంది, నిజమే. కానీ ప్రశ్న వేయదు. ఒక కుర్రాడు రాత్రి పదకొండుకి సంచితో వీధి దాటాడని కెమెరా చెబుతుంది. అతను ఆ సంచిని ఎప్పుడూ కుడిభుజానికి వేసుకుంటాడని, ఆ రోజు ఎడమభుజాన ఉందని చెప్పగలిగేది పక్క మంచంవాడే. ఆర్చర్ కో గదిలో అందరికీ కనబడింది ఒకటే, గడియ, పిస్తోలు. కనబడటంలో లోటు లేదు. ఆ మనిషి ఎటువంటివాడో తెలిసి ఉండటంలో లోటు. బొమ్మలు పెరిగిన కొద్దీ ఆ లోటు తగ్గదు.

మూడోది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం, దాన్ని తేలిగ్గా దాటవేయకూడదు. హోదా లేనివాళ్లు నేరాన్ని తేల్చడానికి దిగితే ఏమవుతుందో మనం చూశాం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకార్లు పాకాయి. హైదరాబాదు పాతబస్తీలో గుంపు కొట్టిన దెబ్బలకి ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. ఆ గుంపులో ప్రతివాడూ తనని తాను పరిశోధకుణ్ణే అనుకున్నాడు. చట్టం కూడా మామూలు పౌరుడికి ఇచ్చిన చోటు చాలా చిన్నది. కళ్లముందు తీవ్రమైన నేరం జరిగితే చేసినవాణ్ణి పట్టుకుని వెంటనే పోలీసులకి అప్పగించవచ్చు, అంతే. వృత్తి డిటెక్టివుల కోసం 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. ఇటువంటి దేశంలో ఔత్సాహిక పరిశోధకుణ్ణి హీరో చేయడం ప్రమాదం కాదా? ఈ మాట అడిగేవారి ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ గుంపు చేసేది పరిశోధన కాదు, దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని. గుంపుకి మొదటి అనుమానమే చివరి తీర్పు. అపరాధ పరిశోధన కథలో మొదటి అనుమానం దాదాపు ఎప్పుడూ తప్పే. రెండున్నర గంటలపాటు ఆ కథ ప్రేక్షకుడి చేత చేయించే సాధన ఒక్కటే: వేలెత్తి చూపాలనిపించిన ప్రతిసారీ ఆగడం, వెనక్కి వెళ్లి ఇంకోసారి చూడటం, అనుమానించినవాడి పక్షాన నిలబడి ఒకసారి ఆలోచించడం. పైగా ‘మత్తు వదలరా’ కుర్రాడూ ఆత్రేయా స్వయంగా నింద మోసినవాళ్లు. నింద ఎంత బరువో వాళ్లకి తెలుసు. లాఠీతో నిజం రాబట్టే ఆఫీసరు కథలు వందల కొద్దీ చూసి పెరిగిన గుంపుకి, చెయ్యెత్తకుండా నిజం దాకా నడిచిన మనుషుల కథలు ఇంకా చాలా చూపించవలసి ఉంది. నాకు ఈ తరహా సినిమా మీద ఇంత ఇష్టం వినోదం కోసమే అయితే మీ సమయం ఇంతసేపు తీసుకునేవాణ్ణి కాదు.

పోలీసు కథల్లో మంచివి లేవని నేను అనడం లేదు. 2020లో శైలేష్ కొలను తీసిన ‘హిట్’లో విక్రమ్ రుద్రరాజు అధికారి అయినా లోపల గాయం మోస్తున్న మనిషి, ఆ గాయమే అతన్ని పదేపదే తడబడేలా చేస్తుంది. అధికారి పాత్ర రాణించినచోట కూడా ఆ అధికారాన్ని ఏదో ఒక బలహీనత తగ్గించి ఉంటుంది. అది నా మాటని కాదనడం లేదు, బలపరుస్తోంది.

ఇక మిగిలింది రావలసిన సినిమా. అమీర్‌పేట వెనకవీధిలో ఒక హాస్టల్, మూడో అంతస్తు, నాలుగు మంచాల గది. ఒక ఉదయం ఒక మంచం ఖాళీ. ఊరికి వెళ్లాడని వార్డెన్ అంటాడు, రిజిస్టరులో అలాగే సంతకం ఉంది. తండ్రికి మెసేజ్ కూడా వెళ్లింది. స్టేషన్లో అడిగితే, పెద్దవాడు, తనంతట తానే వెళ్లాడు, రెండు రోజులు ఆగండి అంటారు. అంతా సబబుగానే ఉంది. గదిలో మిగిలిన ముగ్గురిలో ఒకడికి మాత్రం నిద్ర పట్టదు. కిందికి దిగి వీధి చివరికి వెళ్తాడు. అక్కడ ఇస్త్రీ బండి మీద, మడతపెట్టిన బట్టల మధ్య, ఆ స్నేహితుడి తెల్లచొక్కా ఉంది. ముందురోజు సాయంత్రమే ఇచ్చాడట, పొద్దున్నే ఇంటర్వ్యూ ఉందని, ఎనిమిదింటికల్లా కావాలని రెండుసార్లు చెప్పి మరీ వెళ్లాడట. ఇప్పుడు తొమ్మిదిన్నర.